పెద్ద లారీ ఎంత దూరం నుంచి లాభం?

ప్రశ్న: మాది మేకులు, బోల్టులు, ఇనుప తీగ తయారు చేసే చిన్న కర్మాగారం. రోజుకు సుమారు 3 టన్నుల సరుకు తయారవుతుంది. అందులో ఒక టన్ను 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న దుకాణాలకు, ఒక టన్ను 60 కిలోమీటర్ల దూరంలోని టోకు వ్యాపారికి, మిగిలిన టన్ను 300 కిలోమీటర్ల దూరంలోని మరో టోకు వ్యాపారికి వెళ్తుంది. ప్రస్తుతం మాకు 3 టన్నులు మోసే చిన్న వాహనం ఒక్కటే ఉంది. 15 టన్నుల లారీ కొంటే టన్నుకు పడే రవాణా ఖర్చు సగానికి సగం తగ్గుతుందని మా బావగారు గట్టిగా చెబుతున్నారు. అదే నిజమైతే చిన్న వాహనాలు ఇన్ని ఎందుకు తిరుగుతున్నాయన్నది నా సందేహం. ఏం చేయమంటారు?

సమాధానం: మీ బావగారు చెప్పింది బండి కదులుతున్నంత సేపూ నిజమే. బండి ఆగిన క్షణం నుంచి ఆ లెక్క తిరగబడుతుంది. సరుకు రవాణా ఖర్చును అంచనా వేసేటప్పుడు చాలామంది డీజిలు, టైర్లు, కిలోమీటర్లు మాత్రమే చూసి, గేటు ముందు గడిచిపోయే గంటలను మరిచిపోతారు. మీ ప్రశ్నకు సమాధానం ఆ గంటల్లోనే ఉంది కనుక ముందుగా అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఏదైనా గోదాము దగ్గర ఒక పెద్ద లారీని ఉదయం నుంచి గమనించండి. గేటు దగ్గర కాగితాలు చూపించి, కాటా మీద ఖాళీ బరువు తూయించి, ముందున్న రెండు బళ్ళు కదిలే దాకా అది వరుసలో నిలబడుతుంది. వంతు వచ్చాక హమాలీలు ఒక్కొక్క పెట్టెను భుజం మీద తెచ్చి పేరుస్తారు. మధ్యలో భోజన విరామం వస్తుంది. లోడు పూర్తయ్యాక టార్పాలిన్ కప్పి, తాళ్ళు బిగించి, మళ్ళీ కాటాకు తీసుకెళ్తారు. ఇందులో ఎక్కువ సేపు డ్రైవరు క్యాబిన్లో కునుకు తీస్తూనే ఉంటాడు, ఇంజను ఆగే ఉంటుంది, డీజిలు దాదాపు ఖర్చు కాదు. కానీ బండి మీద తెచ్చిన అప్పుకు వడ్డీ, బీమా, పన్ను, డ్రైవరు జీతం మాత్రం గంట గంటకూ పెరుగుతూనే ఉంటాయి. చిన్న బండి ఇదే పనిని ముగించుకుని ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది.

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. డబ్బు ఏ దేశానిదైనా కావచ్చు కాబట్టి ఖర్చును యూనిట్లలో చెబుతాను. ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. వీటి స్థానంలో మీ సొంత అంకెలు పెట్టుకుంటే లెక్క మారుతుంది గానీ దాని తీరు మారదు.

మీ 3 టన్నుల వాహనానికి నిలబడినా నడిచినా గంటకు 60 యూనిట్ల స్థిర ఖర్చు, నడిస్తే అదనంగా కిలోమీటరుకు 6 యూనిట్లు అనుకుందాం. సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లు అయితే కిలోమీటరుకు కాలం ఖర్చు 1.5, నడక ఖర్చు 6, వెరసి 7.5 యూనిట్లు అవుతుంది. వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుంది కాబట్టి దూరంలోని ప్రతి కిలోమీటరుకూ 15 యూనిట్లు, అంటే టన్నుకు 5 యూనిట్లు. ఇక 15 టన్నుల లారీకి గంటకు 140, కిలోమీటరుకు 14.5 యూనిట్లు అనుకుంటే, అదే వేగంతో కిలోమీటరుకు 18, రానూపోనూ 36, టన్నుకు 2.4 యూనిట్లు. అయిదింతలు మోసే లారీకి దారిలో అయ్యే ఖర్చు అయిదింతలు కాదు, రెండున్నర రెట్లకు కాస్త తక్కువే. లోడు ఎంతైనా డ్రైవరు ఒక్కడే. బండికి ఎదురయ్యే గాలి తాకిడి దాని ముఖభాగం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది గానీ లోపలున్న టన్నులను బట్టి కాదు. ఇంజను, గేరుబాక్సు, క్యాబిను వంటివి కూడా లోడు అయిదింతలైందని అయిదింతలు కావు. మీ బావగారి ‘సగానికి సగం’ ఇక్కడి నుంచే వచ్చింది.

ఆగినప్పటి లెక్క వేరు. ఎత్తడానికీ దించడానికీ కలిపి టన్నుకు అరగంట పడుతుందని, దానికి తోడు కాగితాలు, కాటా, వరుసలో ఎదురుచూపు కలిసి చిన్న బండికి గంటన్నర, పెద్ద లారీకి నాలుగున్నర గంటలు పోతాయని అనుకుందాం. చిన్న బండి మొత్తం 3 గంటలు ఆగుతుంది. 180 యూనిట్లు, టన్నుకు 60. పెద్ద లారీ 12 గంటలు ఆగుతుంది. 1,680 యూనిట్లు, టన్నుకు 112. దారిలో సగం ఖర్చుతో పనిచేసే లారీ, గేటు దగ్గరకు వచ్చేసరికి దాదాపు రెట్టింపు ఖర్చు పెట్టిస్తుంది.

ఈ రెంటినీ కలిపితే ఎంత దూరానికి ఏ బండి అనేది తేలిపోతుంది. 12 కిలోమీటర్లకు చిన్న బండిలో టన్నుకు 120 యూనిట్లు, పెద్ద లారీలో సుమారు 141. సరిగ్గా 20 కిలోమీటర్ల దగ్గర రెంటికీ 160 చొప్పున సమానం అవుతుంది. అక్కడి నుంచి పెద్ద లారీదే పైచేయి: 60 కిలోమీటర్లకు 360కి బదులు 256, 300 కిలోమీటర్లకు 1,560కి బదులు 832. దగ్గరి దుకాణాల విషయంలో లెక్క దాకా వెళ్ళాల్సిన పని కూడా లేదు. ఒక్కో చోట రెండేసి పెట్టెలు దించుకుంటూ సందుల్లో తిరగాల్సిన సరుకును 15 టన్నుల లారీకి ఎత్తడం దండగ.

రవాణా కంపెనీలు దూరం పెరిగేకొద్దీ టన్ను-కిలోమీటరుకు (ఒక టన్నును ఒక కిలోమీటరు మోయడానికి) తక్కువ రేటు చెప్పడాన్ని కూడా ఇదే లెక్క వివరిస్తుంది. పెద్ద లారీలో 10 కిలోమీటర్లకు టన్ను-కిలోమీటరు ఖర్చు 13.6 యూనిట్లు ఉంటే, 100 కిలోమీటర్లకు 3.5, 300 కిలోమీటర్లకు 2.8కి కాస్త తక్కువ. గేటు ఖర్చు ఎన్ని కిలోమీటర్ల మీద పరుచుకుంటే అంత పలచబడుతుంది. దగ్గరి ఊరికి కిరాయి అడిగి ‘దూరానికి తగ్గ రేటు కాదు’ అని బేరమాడేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే వాదన తగ్గుతుంది.

ఇంతవరకూ లారీ నిండుగా వెళ్తుందని అనుకున్నాం. అసలు చిక్కు అక్కడే ఉంది. అదే లారీలో 9 టన్నులే వేశారనుకోండి. ఆగే సమయం 9 గంటలకు తగ్గుతుంది, కానీ టన్నుకు పడే గేటు ఖర్చు 140కి, కిలోమీటరు ఖర్చు 4కు పెరుగుతాయి. దాంతో రెండు బళ్ళ ఖర్చూ సమానమయ్యే దూరం 20 కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 80 కిలోమీటర్లకు జరిగిపోతుంది. లోడు 7.2 టన్నులకు పడిపోతే, అంటే సామర్థ్యంలో సగం కన్నా కొద్దిగా తగ్గితే, పెద్ద లారీకి కూడా టన్నుకు కిలోమీటరు ఖర్చు 5 యూనిట్లే అవుతుంది. గేటు దగ్గర ఎలాగూ అదే ఖరీదైనది కాబట్టి ఇక భూమి చుట్టూ తిరిగినా దానికి లాభం రాదు. సగం ఖాళీగా ఉన్న పెద్ద బండి అంటే ఎక్కువ ఖర్చుతో నడిచే చిన్న బండే. లారీ కొనేవారు దాని సామర్థ్యాన్ని చూసి కొంటారు గానీ తమ దగ్గర నింపడానికి ఉన్న సరుకును చూసి కొనరు; ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనబడే పొరపాటు ఇదే.

మరి మీ దగ్గర లారీ నిండుతుందా? నిండుతుంది, కానీ ఆగితేనే. ఒక్కో టోకు వ్యాపారికి రోజుకు ఒక టన్నే కాబట్టి 15 టన్నులు పోగవడానికి 15 రోజులు పడుతుంది. మొదటి రోజు తయారైన టన్ను 14 రోజులు గోదాములో కూర్చుంటుంది, చివరి రోజుది కూర్చోదు. సగటున 7 రోజులు. చిన్న బండిలో మూడు రోజులకోసారి పంపితే సగటు ఎదురుచూపు ఒక రోజే. అంటే పెద్ద లారీని ఎంచుకుంటే ప్రతి టన్నూ సగటున 6 రోజులు అదనంగా ఆగాలి. సరుకులో ఇరుక్కున్న పెట్టుబడికి వడ్డీ, గోదాములో చోటు, ఇనుముకు తుప్పు భయం, అన్నిటినీ మించి ‘సరుకు ఎప్పుడొస్తుంది’ అని రోజూ ఫోను చేసే వ్యాపారి సహనం, ఇవన్నీ ఆ 6 రోజుల ఖరీదులో భాగాలే.

ఇప్పుడు రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడండి. 300 కిలోమీటర్ల ఊరికి నిండు లారీ వల్ల టన్నుకు 728 యూనిట్లు మిగులుతాయి. దాన్ని 6 రోజులకు పంచితే, టన్ను సరుకును ఒక రోజు ఆపడానికి అయ్యే ఖర్చు సుమారు 121 యూనిట్ల లోపు ఉన్నంతవరకూ ఆగడమే మేలు. అది మీ చిన్న బండిని రెండు గంటలు నిలబెట్టే ఖర్చుతో సమానం. మేకుల వంటి నిలవ ఉండే సరుకుకు అంత ఖర్చు కావడం అరుదు. 60 కిలోమీటర్ల ఊరికి మిగిలేది టన్నుకు 104 యూనిట్లే. 6 రోజులకు పంచితే రోజుకు 17 మాత్రమే. చిన్న బండి ఇరవై నిమిషాలు ఆగితే కూడా దాని కన్నా ఎక్కువ అవుతుంది. ఎదురుచూపు రెండు చోట్లా ఒకటే, కానీ దూరపు ఊరికి ఆ ఎదురుచూపు ఖర్చును దారిలో మిగిలే సొమ్ము భరిస్తుంది, దగ్గరి ఊరికి భరించలేదు. సరుకు ఎంత దూరం వెళ్ళాలో అంత పెద్ద బండిలో వెళ్ళడానికి, చిన్న బండ్లు దగ్గరి దారుల్లో బతికి ఉండడానికి అసలు కారణం ఇది.

ట్రిప్పు ఖర్చుకూ ఎదురుచూపు ఖర్చుకూ మధ్య ఉన్న ఈ బేరాన్ని సూత్రంగా రాసినవాడు ఫోర్డ్ హారిస్ అనే అమెరికన్ ఇంజనీరు. ఒక విడతలో ఎన్ని వస్తువులు తయారు చేయాలన్న ప్రశ్నకు 1913లో ఆయన ఇచ్చిన సమాధానంలో వర్గమూలం వచ్చింది. దాన్ని రవాణాకు అన్వయిస్తే, ఒక ట్రిప్పుకు లోడుతో నిమిత్తం లేకుండా పడే ఖర్చు నాలుగింతలైతే పంపవలసిన లోడు నాలుగింతలు కాదు, రెండింతలే కావాలి. మీ దూరపు ఊరు దగ్గరి ఊరికి అయిదింతల దూరంలో ఉంది కనుక, మిగతావన్నీ సమానమైతే దానికి ఒక్కో విడత రెండింతలకు పైచిలుకు లోడు పంపడం సహేతుకం. మీ వ్యాపారికి 3 టన్నుల నుంచి ఒక్కసారిగా 15 టన్నులకు దూకడం భారమనిపిస్తే, మధ్య రకం లారీలు కూడా ఉన్నాయని మరిచిపోకండి.

ఆగే సమయాన్ని తగ్గించగలిగితే ఈ లెక్క మొత్తం మారుతుంది. మేకుల పెట్టెలను విడివిడిగా కాకుండా చెక్క ప్యాలెట్ల మీద కట్టి, ఫోర్క్‌లిఫ్టుతో ఎత్తించి, టన్నుకు అరగంట పట్టే పనిని ఆరు నిమిషాలకు దించారనుకోండి. ఎదురుచూపు మారకపోయినా పెద్ద లారీ ఆగే సమయం 12 గంటల నుంచి 6 గంటలకు తగ్గి, టన్నుకు గేటు ఖర్చు 56 యూనిట్లవుతుంది. చిన్న బండికి 36. సమాన దూరం 20 కిలోమీటర్ల నుంచి 8 కిలోమీటర్ల లోపుకు వచ్చేస్తుంది. లారీ మారలేదు, రోడ్డు మారలేదు, డీజిలు ధర మారలేదు.

సముద్ర రవాణాలో జరిగింది కూడా ఇదే. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల యజమాని ‘ఐడియల్-ఎక్స్’ అనే ఓడ మీద 58 అల్యూమినియం పెట్టెలను అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపించాడు. అప్పట్లో విడి సరుకును ఓడకు ఎక్కించడానికి టన్నుకు సుమారు 5.8 డాలర్లు అయ్యేది; ఈ పెట్టెల్లో అది 16 సెంట్లకు దిగింది. ఓడ వేగం పెరగలేదు, దూరం తగ్గలేదు. రేవులో రోజుల తరబడి పడి ఉన్నంతకాలం ఓడను పెద్దది చేసినకొద్దీ ఆగే నష్టం పెరిగేది. ఆ అడ్డు తొలగాకే ఓడలు పెరగడం మొదలైంది. 2021లో సూయెజ్ కాలువలో అడ్డం తిరిగిన ‘ఎవర్ గివెన్’ పొడవు 400 మీటర్లు, అది మోయగలిగేది 20 అడుగుల పెట్టెల లెక్కన 20,000కు పైగా. సరుకు రవాణాలో పెద్ద బండి వెనుక ఎప్పుడూ ఒక వేగవంతమైన రేవు ఉంటుందన్నమాట.

రోడ్డు మీద మాత్రం ఓడల్లా పెరుగుతూ పోవడానికి వీల్లేదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద లారీలను తిప్పి చేసిన పరీక్షల్లో, రోడ్డుకు కలిగే నష్టం ఒక్కో ఇరుసు మీద పడే బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. ఇరుసు మీద బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. అందుకే చట్టాలు మొత్తం బరువుకే కాక ఇరుసు బరువుకు కూడా హద్దు పెడతాయి. పెద్ద లారీలకు చక్రాలు ఎక్కువగా ఉండడానికి కారణం అదే. ఆ హద్దులు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి: అమెరికా జాతీయ రహదారుల మీద మొత్తం బరువు సుమారు 36 టన్నులు, ఐరోపా సమాఖ్యలో సాధారణంగా 40 టన్నులు, ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో ఒకదాని వెనుక ఒకటి తగిలించిన ట్రైలర్లతో 100 టన్నులు కూడా దాటుతుంది. లారీ కొన్నాక ‘ఇంకో నాలుగు టన్నులు ఎక్కిస్తే ఏం’ అనే ఆలోచన దాదాపు అందరికీ వస్తుంది కాబట్టి చెబుతున్నాను: ఇరుసు మీద 25 శాతం అధిక బరువు పడితే రోడ్డు మీద మీ బండి చేసే నష్టం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. టైర్లు, బ్రేకుల మీద పడే భారం, తనిఖీలో కట్టే జరిమానా వేరే.

ఇక కొనాలా వద్దా అన్నది. నా అభిప్రాయంలో మీరు 15 టన్నుల లారీ కొనకూడదు. 300 కిలోమీటర్ల ట్రిప్పుకు రానూపోనూ 15 గంటల ప్రయాణం, 12 గంటల ఆగుడు కలిపి 27 గంటలు. 60 కిలోమీటర్ల ట్రిప్పుకు 3, 12 కలిపి 15 గంటలు. రెండు ఊళ్ళకూ దాన్నే వాడినా 15 రోజుల్లో మీ లారీకి ఉండేది 42 గంటల పనే. నేను గంటకు 140 యూనిట్లని వేసిన లెక్క నెలంతా పనిలో ఉండే లారీది; మీ ఆవరణలో మూడొంతుల కాలం చెట్టు కింద నిలబడే లారీకి గంట ఖర్చు దానికి ఎన్నో రెట్లవుతుంది, పైన చూపిన మిగులు అంతా అందులోనే కరిగిపోతుంది.

దూరపు ఊరికి కిరాయి లారీ మాట్లాడుకోండి. రవాణా కంపెనీకి మీ దగ్గర లేని సౌకర్యం ఒకటుంది: తిరుగు లోడు. 300 కిలోమీటర్ల అవతలి నుంచి నిండు లోడుతో తిరిగి రాగలిగితే, ఆ లోడుకు సంబంధించిన ఆగుడు ఖర్చును దాని యజమాని భరిస్తాడు కాబట్టి మీ వంతు దారి ఖర్చు సగానికి తగ్గి, నా లెక్క ప్రకారం 832 యూనిట్లు 472 దాకా దిగుతాయి. మొత్తం మీకే ఇవ్వరు, కంపెనీ లాభం కూడా అందులోంచే రావాలి. కానీ బేరానికి చోటు ఎంత ఉందో మీకు తెలిసి ఉండడం మంచిది. సరుకు ఎక్కువగా బయటికి వెళ్ళే ఊళ్ళ వైపు నుంచి కిరాయి ఎక్కువగాను, అదే దారిలో ఎదురు దిశలో తక్కువగాను ఉండడానికి కారణం కూడా తిరుగు లోడే. 15 రోజులు ఆగలేని వారం వస్తే, అనేకమంది సరుకును కలిపి నింపే పార్శిల్ సర్వీసుకు ఇవ్వండి. మీ 3 టన్నులు కూడా పెద్ద లారీలోనే వెళ్తాయి, కాకపోతే మధ్యలో ఇంకోసారి దించి ఎత్తే ఖర్చు కలుస్తుంది.

12, 60 కిలోమీటర్ల ఊళ్ళకు మీ చిన్న వాహనాన్నే ఉంచండి. ఏ నిర్ణయానికైనా ముందు ఒక నెల రోజుల పాటు గేటు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, ప్రతి బండీ లోపలికి వచ్చిన సమయం, లోడింగ్ మొదలైన సమయం, ముగిసిన సమయం, బయటికి వెళ్ళిన సమయం రాయించండి. వచ్చిన సమయానికీ లోడింగ్ మొదలైన సమయానికీ మధ్య గంటకు మించి తేడా కనిపిస్తే, లారీ సంగతి పక్కన పెట్టి ముందు ఆ పుస్తకాన్ని మీ బావగారికి చూపించండి.